ఊరి గుసగుసకు బహిరంగ లేఖ

గుసగుసా,

నీకు చిరునామా రాయనక్కర్లేదు. పరకాల దగ్గర నేను పుట్టిన ఊళ్లో నువ్వు బోరింగు దగ్గర, కిరాణా కొట్టు అరుగు మీద, బీడీలు చుట్టే ఆడవాళ్ల చాటల మధ్య ఉండేదానివి. ఇప్పుడు నేనుంటున్న ఉత్తర జర్మనీ పల్లెలో రొట్టెల కొట్టు ముందు వరుసలో, ఆదివారం చర్చి వదిలాక వాకిట్లో, ఊరి అగ్నిమాపక దళం ఏటేటా పెట్టే విందులో ఉంటున్నావు. గొంతు తగ్గించడం, అటూ ఇటూ చూడడం, "నా నోటి నుంచి విన్నావని ఎవరితోనూ అనకు" అని ముగించడం రెండు చోట్లా ఒకేలా చేస్తావు.

నీ మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయి. కుదిరిన సంబంధాలు చెడగొట్టావు, అన్నదమ్ములను విడదీశావు. వాటిని పక్కన పెడతాను. ఈ లేఖ ఒక్క విషయం కోసమే రాస్తున్నాను. ఒక మనిషి ఇక బతకలేను అనుకున్నప్పుడు, ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డప్పుడు, నువ్వు చేసే పని గురించి. ఊళ్లో అందరితోనూ మాట్లాడతావు. ఆ మనిషితో తప్ప. నా అభియోగం అదే.

2023లో జర్మనీలో 10,304 మంది ఆత్మహత్యతో చనిపోయారు. ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లకు ఇది మూడు రెట్లకు పైన. నలుగురిలో దాదాపు ముగ్గురు మగవాళ్లు, వాళ్లల్లోనూ వయసు పైబడినవాళ్లు ఎక్కువ. ప్రయత్నం చేసి బతికినవాళ్లకు దేశంలో అధికారిక లెక్క లేదు. ఏటా లక్షకు పైనే అని నిపుణుల అంచనా. ఇందులో ఆడవాళ్లు, ముఖ్యంగా చిన్న వయసు వాళ్లు ఎక్కువ. 1980లో రెండు జర్మనీల్లో కలిపి చనిపోయినవాళ్లు 18,451 మంది. నలభై ఏళ్లలో ఆ సంఖ్య చాలా తగ్గింది. అందుకే తలరాత అని నువ్వు చెప్పే మాట నేను ఒప్పుకోను. వైద్యం, పలకరింపు, ప్రమాదకరమైనవి చేతికి అందకుండా చూడడం, ఇవన్నీ కలిసి వేలమందిని నిలబెట్టాయి. ఆ పనిలో నువ్వు ఒక్కనాడూ చెయ్యి వెయ్యలేదు.

ఇక్కడి పల్లె సంగతి మన పాఠకులకు కొంత చెప్పాలి. జర్మనీ అనగానే మనవాళ్లకు ఫ్రాంక్‌ఫర్ట్ మేడలు, మ్యూనిక్ కార్ల కంపెనీలు కళ్లముందుకొస్తాయి. నేనుండే ఊరంటే మూడు వీధులు, ఒక చర్చి, ఒక అగ్నిమాపక కేంద్రం, బడి పిల్లల కోసం నడిచే ఒక బస్సు. వయసు మళ్లి డాక్టరు గారు క్లినిక్ మూసేశాక ఆ చోటికి ఇంకొకరు రాలేదు. జర్మన్ పల్లెల్లో ఇది ఊరూరి కథే. మానసిక వైద్యుడి దగ్గరకు పోవాలంటే జిల్లా కేంద్రానికి కారులో పోవాలి. ఇక్కడ చాలామంది కారు నంబరులో తమ పేరు పొడి అక్షరాలు, పుట్టిన ఏడు వేయించుకుంటారు. ఆ కారు ఆ వీధిలో ఒక గంట ఆగితే చాలు, సాయంత్రానికల్లా నీకు తెలిసిపోతుంది. "మంగళవారం మంగళవారం పోతున్నాడట" అని నువ్వు మొదలుపెడతావు. ఎవరైనా చూస్తారేమోనని రెండు జిల్లాలు దాటి వైద్యుణ్ణి వెతుక్కునేవాళ్లు ఉన్నారు. అసలు వెతుక్కోవడమే మానేసినవాళ్లు అంతకన్నా ఎక్కువ.

ధైర్యం చేసి వెతికినా వెంటనే దొరకదు. సైకోథెరపిస్టుల జాతీయ చాంబరు 2019 నాటి బీమా బిల్లులు పరిశీలించి తేల్చిన మాట ఇది: మొదటి సంప్రదింపు రోజు నుంచి చికిత్స మొదలయ్యే దాకా సగటున 142 రోజులు. పల్లెల్లో ఎదురుచూపు ఇంకా ఎక్కువ. దాదాపు అయిదు నెలలు ఒక మనిషి తన భారాన్ని తానే మోస్తూ, నీ చూపుల మధ్య రొట్టెలు కొనుక్కుంటూ తిరగాలి. వైద్యుల కొరతకు కారణం నువ్వని అనను. ఆ అయిదు నెలల్లో తలుపు తట్టి "ఎలా ఉన్నావు" అని అడిగే మనుషులను ఆపుతున్నది మాత్రం నువ్వే.

పాడి రైతుల ఇళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడ నీ బలం ఎక్కువ. ఉత్తర జర్మనీలో కమతాన్ని ముక్కలు చేయకుండా ఒక్క వారసుడికే ఇస్తారు. ఇల్లు, కొట్టం, పొలం, అడవి ముక్క అన్నీ కలిపి ఒకరికే. లోయర్ సాక్సనీ, పక్క రాష్ట్రాల్లో 1947 నుంచి ఉన్న చట్టం కూడా దీన్నే చెబుతుంది. తల్లిదండ్రులు వ్యవసాయం అప్పజెప్పి వెనకింట్లోకో పక్క గదుల్లోకో మారతారు. ఆ ముసలివాళ్లకు ఎంత జాగా, ఎంత తిండి, చలికాలానికి ఎన్ని కట్టెలు ఇవ్వాలో పూర్వం నుంచీ పత్రం రాసుకుంటారు. పాత ఇళ్ల గుమ్మం పైన అడ్డదూలం మీద ఆ ఇల్లు కట్టిన దంపతుల పేర్లు, కట్టిన సంవత్సరం చెక్కి ఉంటాయి. 1780 అనో 1812 అనో ఉన్న దూలం కింది నుంచి వారసుడు పొద్దున్నే పాలు పితకడానికి పోతాడు. ఎనిమిది తరాలు నిలబెట్టినదాన్ని తన చేతుల్లో పోగొట్టినవాడు అనిపించుకోవడం అతనికి చావుకన్నా పెద్ద మాట. వెనకింటి కిటికీ లోంచి నాన్న చూస్తూ ఉంటాడు. వీధిలోంచి నువ్వు చూస్తూ ఉంటావు.

2010లో జర్మనీలో వ్యవసాయ కమతాలు సుమారు 2,99,000. 2023 నాటికి 2,55,000. పదమూడేళ్లలో నలభై నాలుగు వేల ఇళ్లలో కొట్టాలు ఖాళీ అయ్యాయి. పెరుగు, లేకపోతే తప్పుకో అన్నదే ఇక్కడి వ్యవసాయ విధానం అని రైతులు దశాబ్దాలుగా అంటున్నారు. 2014 మొదట్లో పాల ధర కిలోకు 40 సెంట్ల దగ్గర ఉండేది. 2015లో యూరప్ పాల కోటాలు ఎత్తేశాక, 2016 వేసవికి 25 సెంట్ల లోపుకు పడింది. కొత్త కొట్టం కోసం లక్షల యూరోలు అప్పు తెచ్చినవాడు ఆ వేసవిలో పితికిన ప్రతి కిలో పాలకూ నష్టపోయాడు. అప్పును బ్యాంకుతో మాట్లాడవచ్చు, ఆవులను అమ్మవచ్చు, కమతాన్ని కౌలుకివ్వవచ్చు. ఇవన్నీ దారులే. ఆవులను లారీ ఎక్కించే రోజు వీధిలో కర్టెన్లు కదులుతాయి కదా, ఆ రోజును తలచుకునే చాలామంది దారిని దారిగా చూడలేకపోతారు.

జర్మనీ రైతుల సామాజిక బీమా సంస్థ రాత్రింబవళ్లు పనిచేసే సంక్షోభ ఫోన్ సేవ నడుపుతోంది. చర్చిల ఆధ్వర్యంలో రైతు కుటుంబాలకు సలహా కేంద్రాలున్నాయి. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది రైతు ఇళ్లలో పుట్టినవాళ్లే. ఫోన్ చేసిన మనిషికి ఆవు ఈనే సమయం గురించి, ఎరువు నిబంధనల గురించి విడమరచి చెప్పాల్సిన పని ఉండదు. పేరు చెప్పకుండా మాట్లాడవచ్చు. పేరు అడగకపోవడమే అక్కడ పెద్ద వైద్యం, ఎందుకంటే పేరు తెలిస్తే నీకు తెలుస్తుందని అతని భయం.

నీ వయసు కూడా నాకు తెలుసు. ఐరోపా పల్లెల్లో ఆత్మహత్య చేసుకున్నవాళ్లను చర్చి ప్రహరీ బయట, గంట మోగించకుండా, ప్రార్థన లేకుండా పూడ్చేవాళ్లు. జర్మన్లు దాన్ని గాడిద ఖననం అనేవాళ్లు. 1751లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ ఆత్మహత్యకు శిక్షలు రద్దు చేశాడు. 1917 నాటి కాథలిక్ చర్చి చట్టం మాత్రం, తెలిసి ప్రాణం తీసుకున్నవాళ్లకు చర్చి అంత్యక్రియలు కూడదంది. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ నిషేధం లేదు. రాజు వదిలేశాడు, చర్చి వదిలేసింది. నువ్వు వదల్లేదు. ఈనాటికీ స్థానిక పత్రికలో మరణ ప్రకటనలో "హఠాత్తుగా, ఊహించని విధంగా" అని కనబడితే కాఫీ బల్ల దగ్గర కప్పు కింద పెట్టి ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తావు.

ప్రభుత్వాలు కూడా నీ దగ్గర పాఠం నేర్చుకున్నాయి. తూర్పు జర్మనీ 1963 నుంచి ఆత్మహత్యల లెక్కలను దాచిపెట్టింది. సోషలిజంలో మనిషి నిరాశ పడడానికి కారణం ఉండకూడదు కదా. గోడకు అవతల పశ్చిమాన పత్రికలేమో ఆ చావులన్నీ ప్రభుత్వం ఖాతాలో రాశాయి. తర్వాత చరిత్రకారుడు ఉడో గ్రాస్‌హోఫ్ ఆ దాచిన కాగితాలు తిరగేసి, అక్కడి సాక్సనీ, థూరింజియా ప్రాంతాల్లో ఆత్మహత్యల రేటు పందొమ్మిదో శతాబ్దం నుంచే ఎక్కువగా ఉందని చూపించాడు. ప్రొటెస్టెంట్ ప్రాంతాల్లో ఆత్మహత్యలు ఎక్కువ, కాథలిక్ ప్రాంతాల్లో తక్కువ అని ఎమిల్ దుర్ఖేమ్ 1897లోనే రాశాడు. దానికి అతను వాడిన లెక్కల్లో ప్రష్యావి, బవేరియావి ఉన్నాయి. మతం, ఆస్తి పంపకం, ఒంటరితనం, వైద్యుడి దూరం, పాల ధర, తాగుడు, జబ్బు అన్నీ పెనవేసుకుని ఉంటాయి. ఒక్క కారణం చెప్పి చేతులు దులుపుకునేది నువ్వే. "పెళ్లాంతో గొడవట," "అప్పులట," అంతే. నీకు ఒక్క వాక్యం చాలు.

ఆ ఒక్క వాక్యం మన దగ్గర ప్రభుత్వ కాగితాల్లోకి కూడా ఎక్కింది. 1997–98లో వరంగల్ జిల్లాలో పత్తికి పురుగు పట్టి, అప్పులు మీద పడి రైతులు వరసగా చనిపోయిన రోజులు నా చిన్నతనంలోనివి. తర్వాత 2004 జూన్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. అప్పట్లో చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పు తీర్చడానికి యాభై వేలు. అది రావాలంటే తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయ అధికారి ఊరికొచ్చి విచారించాలి. ఎవరిని విచారిస్తారు? ఇరుగుపొరుగును. అంటే నిన్నే. "తాగేవాడట," "ఇంట్లో గొడవలట" అని నువ్వు ఊదిన మాట రిపోర్టులోకి ఎక్కితే, అది వ్యవసాయ కారణం కాదని ఫైలు తిరిగొస్తుంది. కౌలు రైతుకైతే కాగితమే ఉండదు, నీ మాటే సాక్ష్యం. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి, తన మొగుడు నిజమైన రైతేనని నీకు వ్యతిరేకంగా రుజువు చేసుకోవాలి. నువ్వు చేసినవాటిల్లో దీనికన్నా క్రూరమైనది నాకు తెలియదు.

ఇక మన దగ్గర బతికి బయటపడ్డవాళ్ల సంగతి. జిల్లా ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న తల్లి వచ్చినవాళ్లందరికీ కడుపునొప్పి అనే చెబుతుంది. పత్రికల్లో కూడా ఎన్నేళ్లుగానో కడుపునొప్పి భరించలేకే మన ఊళ్లలో ఆడపిల్లలు చనిపోతున్నారు. తల్లి అబద్ధం ఎందుకాడుతుంది? పోలీసులంటే కొంత భయం. నువ్వంటే అంతకన్నా ఎక్కువ భయం. రేపు "మందు తాగిన పిల్ల" అని పేరు పడితే ఈ పిల్లకే కాదు, దీని చెల్లెలికి కూడా సంబంధం రాదని ఆమెకు తెలుసు. నిజం చెప్పకపోతే మానసిక వైద్యుడి దగ్గరకు పంపరు. కడుపు కడిగి, రెండు రోజులు సెలైన్ పెట్టి ఇంటికి పంపుతారు. ఏ బాధ ఆ పిల్లను అక్కడికి తీసుకెళ్లిందో అదే ఇంట్లోకి, అదే మనుషుల మధ్యకి తిరిగొస్తుంది. ఇప్పుడు ఆ బాధకు తోడు నువ్వు కూడా ఉంటావు.

చట్టం నీకన్నా ముందు మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిదని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ లేదు. ప్రాణం తీసుకోబోయినందుకు జైలు భయం చాలావరకు పోయింది. ఈ సంగతి ఎంతమంది తల్లులకు నువ్వు చేరవేశావు?

వైద్యులు ఏళ్లుగా చెబుతున్నవి రెండు మాటలున్నాయి, రెండూ కలిపి వినాలి. ఒకటి, ఒకసారి ప్రయత్నించిన మనిషికి మరోసారి ప్రమాదం ఎక్కువ; ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి వారాలు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన రోజులు. రెండోది, అలా బతికిన పదిమందిలో తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. ఆ తొమ్మిదిమంది పెళ్లిళ్లు చేసుకుంటారు, పిల్లలను పెంచుతారు, ముసలివాళ్లవుతారు. ఆ క్షణం దాటుతుంది. దాటేదాకా ఎవరైనా పక్కన ఉండాలి. నువ్వు ఆ మొదటి వారాల్లోనే పక్కనుండే మనుషులను భయపెట్టి దూరంగా నిలబెడతావు. "ఏం మాట్లాడాలో తెలియక వెళ్లలేదు" అని ఊరంతా అంటుంది. ఏమీ మాట్లాడక్కర్లేదు. కూరగిన్నె పట్టుకుని వెళ్లి కూర్చుంటే చాలు. చావు ఇంటికి అన్నం పంపే ఊరు, చావు దాకా వెళ్లి తిరిగొచ్చిన మనిషి ఇంటికి ఎందుకు పంపదో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఊరు వదిలి పట్నం చేరినవాళ్లను కూడా నువ్వు వదలవు. బెర్లిన్‌లో టర్కీ మూలాలున్న కుటుంబాల యువతుల్లో ఆత్మహత్యా ప్రయత్నాలు ఎక్కువగా ఉన్నాయని చారిటే ఆసుపత్రి మానసిక వైద్యురాలు మెరియం శౌలర్-ఓజాక్ బృందం గమనించింది. తాతల కాలంలో అనటోలియా పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి వాళ్లల్లో. బడిలో ఒక లోకం, ఇంట్లో ఒక లోకం, రెంటి మధ్యా కుటుంబ గౌరవం. ఆ బృందం జీవితాన్ని కాదు మౌనాన్ని ముగించండి అని టర్కిష్‌లో, జర్మన్‌లో ప్రచారం చేసింది. టర్కిష్‌లో మాట్లాడే ఫోన్ సేవ పెట్టింది. ఆ సమాజంలో నలుగురు మాట వినే మనుషులకు శిక్షణ ఇచ్చింది. ఆ తర్వాత 18 నుంచి 24 ఏళ్ల అమ్మాయిల్లో ప్రయత్నాలు తగ్గుముఖం పట్టాయి. ఇది చదివినప్పుడు నాకు ఇక్కడి మన పిల్లలు గుర్తొచ్చారు. ఇంటి మీద అప్పు తెచ్చి ఎమ్మెస్‌కు వచ్చి, పరీక్ష తప్పి, వీసా గడువు లెక్కపెట్టుకుంటూ, ఇంటికి ఫోన్ చేసి "బాగానే ఉన్నానమ్మా" అనేవాళ్లు. వాళ్ల గది తలుపు దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కి నువ్వు వచ్చేశావు. "ఫలానావాళ్ల అబ్బాయి ఇంకా ఉద్యోగం లేకుండానే ఉన్నాడట" అన్న ఒక్క మెసేజీ ఆ పిల్లవాడి గొంతు ఎంతగా బిగిస్తుందో నీకు తెలియదు.

నీకు భయపడిన మనిషి పేరు ఒకటి ఈ దేశమంతటికీ తెలుసు. రాబర్ట్ ఎంకె, హనోవర్ జట్టు గోల్‌కీపర్, జాతీయ జట్టు ఆటగాడు. హనోవర్ దగ్గర ఎంపెడె అనే పల్లెలో పాత రైతు ఇంట్లో ఉండేవాడు. గుండె జబ్బుతో పుట్టిన కూతురు లారాను 2006లో, ఆమె రెండేళ్ల వయసులో పోగొట్టుకున్నాడు. అంతకు ముందు నుంచే డిప్రెషన్ ఉంది, వైద్యం కూడా నడుస్తోంది. అది బయటపడితే ఆట పోతుందని, దత్తత తీసుకున్న పాప లైలాను ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుందేమోనని దాచాడు. 2009 నవంబరు 10న, 32 ఏళ్లకు, ప్రాణం తీసుకున్నాడు. మర్నాడే అతని భార్య టెరెసా అతని వైద్యుడితో కలిసి విలేఖరుల ముందు కూర్చుంది. జబ్బు పేరు చెప్పింది, ఎన్నేళ్లు దాచారో చెప్పింది, ఎందుకు దాచారో చెప్పింది. భర్త పోయి ఒక్క రోజు. నీ చేతికి ఏమీ మిగల్చకుండా అంతా వెలుగులో పెట్టేసింది. ఆ తర్వాతి ఆదివారం హనోవర్ స్టేడియంలో దాదాపు నలభై వేలమంది నిలబడి వీడ్కోలు చెప్పారు. 2010 జనవరిలో అతని పేరుతో ఏర్పడ్డ ఫౌండేషన్ డిప్రెషన్ గురించి, పిల్లల గుండె జబ్బుల గురించి ఈనాటికీ పనిచేస్తోంది. ఆ రోజు టెరెసా చేసిన పని నువ్వు శతాబ్దాలుగా చేసినదాన్ని కొంత వెనక్కి తిప్పింది. డిప్రెషన్ అన్న మాట బేకరీ వరుసలో మామూలు గొంతుతో వినిపించడం ఆ తర్వాతే మొదలైందని మా ఊరి పెద్దవాళ్లు అంటారు.

మాట్లాడడమంటే అన్నీ వాగడమని అర్థం కాదు, ఇక్కడ కూడా నిన్ను సరిదిద్దాలి. గోథే రాసిన వెర్తర్ నవల 1774లో వచ్చినప్పుడు, చదివిన కుర్రాళ్లు అందులో ప్రాణం తీసుకునే నాయకుడిని అనుకరిస్తున్నారన్న భయంతో మరుసటి ఏడాది లైప్‌జిగ్ నగరం దాన్ని నిషేధించింది. 1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆ నవల పేరే తీసుకుని, ఆత్మహత్య వార్తలు మరిన్ని ఆత్మహత్యలకు దారితీయడాన్ని వెర్తర్ ప్రభావం అన్నాడు. 1981లో జర్మన్ టీవీలో ఒక విద్యార్థి చావు మీద ఆరు భాగాల సీరియల్ వచ్చాక అదే వయసు అబ్బాయిల్లో అలాంటి చావులే పెరిగాయని ష్మిట్కె, హాఫ్నర్ అనే పరిశోధకులు చూపించారు. నువ్వు చెప్పేవి ఎప్పుడూ ఎలా, ఎక్కడ, దేనితో అన్న వివరాలే. అవే ప్రమాదకరమైనవి. వియన్నాలో నీడర్‌క్రోటెన్‌టాలర్ బృందం 2010లో దీనికి రెండో పక్క చూపించింది. చావు ఆలోచన దాకా వెళ్లి, ఎవరి సాయంతోనో ఆ గండం గడిచి బతికినవాళ్ల కథలు పత్రికల్లో వచ్చినప్పుడు ఆత్మహత్యలు తగ్గాయి. మొజార్ట్ సంగీత నాటకంలో నిరాశపడ్డ పాపగెనోకు ముగ్గురు పిల్లలు వేరే దారి గుర్తుచేస్తారు. అతని పేరే ఆ ప్రభావానికి పెట్టారు. గండం గడిచినవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. నువ్వు వాటిని ఎన్నడూ మోయవు, ఎందుకంటే వాటిలో దాచాల్సిందేమీ ఉండదు.

నిన్ను ఓడించడం కుదిరే పనేనని న్యూరెంబర్గ్ చేసి చూపించింది. అయిదు లక్షల జనాభా ఉన్న ఆ నగరంలో 2001, 2002 సంవత్సరాల్లో ఉల్రిష్ హెగెర్ల్ నాయకత్వంలో ఒక పథకం నడిచింది. కుటుంబ డాక్టర్లకు డిప్రెషన్‌ను గుర్తుపట్టడం, దాని గురించి అడగడం నేర్పారు. పాస్టర్లకు, టీచర్లకు, పోలీసులకు, వృద్ధుల సేవకులకు, మందుల షాపులవాళ్లకు శిక్షణ ఇచ్చారు. డిప్రెషన్ ఎవరికైనా రావచ్చు, దానికి వైద్యం ఉంది అని వీధుల్లో పోస్టర్లు పెట్టారు. ప్రయత్నం చేసి బతికినవాళ్లకు, ఏ వేళప్పుడైనా సాయం అందే ఏర్పాటు చేశారు. రెండేళ్లలో ఆత్మహత్యలు, ప్రయత్నాలు కలిపి చూస్తే 24 శాతం తగ్గాయి. పోల్చి చూడడానికి పెట్టుకున్న వ్యుర్ట్స్‌బుర్గ్‌లో అలా తగ్గలేదు. ఆ తగ్గినవాటిలో ప్రయత్నాలే ఎక్కువ. ఇప్పుడు ఆ పద్ధతి జర్మనీలో ఎన్నో జిల్లాలకు, ఐరోపాలో ఎన్నో దేశాలకు పాకింది. కొత్త మందేదీ కనిపెట్టలేదు వాళ్లు. అడగాల్సినవాళ్లకు అడగడం నేర్పారు.

అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని నువ్వు పుట్టించిన భయం కూడా అబద్ధమే. చావు ఆలోచనలున్నాయా అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరగవని, చాలామందికి ఊరట కలుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మన భాషలో ఎలా అడగాలో కూడా రాస్తాను. "ఈ మధ్య నువ్వు నువ్వులా లేవు. చచ్చిపోవాలనిపిస్తోందా?" అంతే. అవునంటే ఉపన్యాసం చెప్పకు, పిల్లల మొహం చూడమని ఒట్టు పెట్టించుకోకు. విను. ఒంటరిగా వదలకు. ఇంట్లో ప్రమాదకరమైనవి ఏమున్నా బయటకు పంపు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక, 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. బాధ పోయి తగ్గలేదు. ఆ క్షణం దాటేదాకా చావు చేతికి అందలేదు. పొలం మందులు వంటింటి అటకమీద కాకుండా తాళం వేసిన పెట్టెలో, ఇంటికి దూరంగా ఉండాలని నీ దారిలో ఉన్న ప్రతి ఇంటికీ చెప్పు.

నీకున్న శక్తి నాకు తెలుసు. పాస్టరు ఆదివారం చెప్పేది బుధవారానికి మరిచిపోతారు, కలెక్టరు వేయించిన పోస్టరు వానకు తడిసి ఊడిపోతుంది. నువ్వు మాత్రం ఒక్క రాత్రిలో ఊరి చివరి ఇంటిదాకా వెళ్తావు. అందుకే కొన్ని నంబర్లు నీ చేతికే ఇస్తున్నాను. జర్మనీలో టెలిఫోన్‌జేల్‌జోర్గె, 1956లో బెర్లిన్‌లో డాక్టరూ పాస్టరూ అయిన క్లాస్ థామస్ మొదలుపెట్టిన సేవ, ఇప్పుడు దేశమంతటా ఉంది: 0800 111 0 111, లేదా 0800 111 0 222. ఉచితం, రాత్రింబవళ్లు, పేరు అడగరు. ప్రాణాపాయం ఉంటే 112. మన దేశంలో టెలిమానస్: 14416. 2022 అక్టోబరు నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. నల్లాల దగ్గర చెప్పు, టీ కొట్టు దగ్గర చెప్పు, కాఫీ బల్ల దగ్గర చెప్పు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చెయ్యి. "నా నోటి నుంచి విన్నావని అందరికీ చెప్పు" అను. ఈసారి గొంతు తగ్గించకు.